అంబాసిడర్ ఇంజిన్ ఏ ఆయిల్ అడుగుతుంది?

ఇంజిన్ వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్ బయటికి తీసి బల్ల మీద పెట్టినప్పుడు మొదట నాకేమీ తేడా కనిపించలేదు. నూనె తుడిచి వేలితో తడిమితే తెలిసింది. కామ్‌షాఫ్ట్ పొడవునా కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది ఉబ్బులు ఉంటాయి, ఒక్కో వాల్వుకు ఒకటి. మెకానిక్‌లు వాటిని లోబ్‌లు అంటారు. ఏడింటికి మొన ఉంది. ఆరోదానికి లేదు. అరిగి అరిగి వక్కలా గుండ్రంగా తయారైంది. దాని మీద కూర్చుని ఆ కదలికను వాల్వు వైపు అందించే ముక్క, టాపెట్, అడుగు చూస్తే చిన్న సాసర్‌లా గుంట పడింది. ఆ ఇంజిన్ రీబోర్ చేయించి, అంటే సిలిండర్లను లోపల మళ్లీ చెక్కించి, కొత్త కామ్‌షాఫ్ట్ వేయించి అప్పటికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా కాలేదు.

కారు మా నాన్నది. 1972 మోడల్ మార్క్ టూ అంబాసిడర్. ఇంత డబ్బు పోసి ఇంజిన్ చేయించాక ఆయిల్ దగ్గర పిసినారితనం ఎందుకని, షాపులో అన్నిటికన్నా ఖరీదైన ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యు-30 తెచ్చి పోశాను. కొత్త కార్లకు అదే పోస్తున్నారు కాబట్టి పాతదానికి ఇంకా మంచిదే అవుతుందనుకున్నాను. ఇంజిన్ స్టార్టయిన మొదటి రోజు అరగంటసేపు యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లోనే ఉంచి, ఆ చప్పుడు వింటూ పక్కనే నిలబడ్డాను. రెండూ తప్పులే. ఎందుకు తప్పులో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

పాత కారు ఆయిల్ గురించి ఎవరినడిగినా వచ్చే సలహా రెండు మాటల్లో ఒకటి. "పాత బండి కదా, చిక్కటిది పొయ్యి" అంటారు, లేదంటే "కాస్త డబ్బులెక్కువైనా మంచి కంపెనీది పొయ్యి" అంటారు. రెండు సలహాలూ ఆయిల్ ఒకటే పని చేస్తుందని అనుకుని ఇచ్చేవి. నిజానికి ఇంజిన్‌లో ఒక చోట ఆయిల్ మోస్తుంది, ఇంకో చోట అడ్డుపడుతుంది. మోయడానికి కావలసిన గుణం వేరు, అడ్డుపడటానికి కావలసిన గుణం వేరు. డబ్బా ముందువైపు పెద్దగా ఉండే అంకెలు మొదటిదాని గురించి చెబుతాయి. రెండోదాని సంగతి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం అటు తిప్పి చూడం.

మోసే చోటు

అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి-సిరీస్ కుటుంబానికి చెందింది. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఎంజీ స్పోర్ట్స్ కార్లలోనూ ఇదే కుటుంబం ఇంజిన్ ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని దశాబ్దాలపాటు తయారుచేసింది. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే దీని క్రాంక్‌షాఫ్ట్ మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది. షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. ఆ సందులోకి పంపు ఆయిల్‌ను తోస్తుంది.

షాఫ్ట్‌ను పైకెత్తి పట్టుకునేది ఆయిల్ పంపు ప్రెషర్ అని చాలామంది అనుకుంటారు. పంపు ఆయిల్‌ను అక్కడిదాకా చేరుస్తుంది, అంతే. మోసే శక్తి షాఫ్ట్ తిరగడం వల్లే పుడుతుంది. వర్షంలో వేగంగా పోతున్న కారు టైరు రోడ్డు మీది నీటి పొరపైకి ఎక్కి తేలడం చూసే ఉంటారు. బేరింగ్‌లోనూ జరిగేది అదే. తిరిగే షాఫ్ట్ తన వెంట ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది, ఆ ఆయిల్ మేకులా ఒత్తుకుని షాఫ్ట్‌ను బేరింగ్‌కు తగలకుండా ఎత్తుతుంది. వేగం ఉన్నంతసేపూ లోహానికి లోహం తగలదు. అందుకే సరిగా చూసుకున్న ఇంజిన్‌లో బేరింగులు లక్ష కిలోమీటర్లయినా బాగానే ఉంటాయి.

ఈ తేలడానికి కావలసింది చిక్కదనం. ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే పొర అంత మందంగా నిలుస్తుంది. కానీ వేడెక్కేకొద్దీ ఆయిల్ పలచబడుతుంది. డబ్బా మీద 20డబ్ల్యు-50 అని ఉంటే ఆ 50 అనేది వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడు. అమెరికాలోని ఎస్‌ఏఈ సంస్థ ప్రమాణం ప్రకారం వంద డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనానికి కొలత) మధ్య ఉండాలి. 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య. అంటే వేడి ఇంజిన్‌లో నేను పోసిన 5డబ్ల్యు-30 కన్నా 20డబ్ల్యు-50 ఇంచుమించు రెట్టింపు చిక్కగా ఉంటుందన్నమాట.

కొత్త కార్ల ఇంజిన్లలో సందులు తక్కువ, పంపు సామర్థ్యం ఎక్కువ, రేడియేటర్ ఫ్యాను అవసరమైనప్పుడు దానంతట అదే తిరుగుతుంది. పలచటి ఆయిల్‌తో అవి నిక్షేపంగా నడుస్తాయి, పెట్రోలూ కొంత ఆదా అవుతుంది. అంబాసిడర్ ఫ్యాను బెల్టుతో తిరిగేది. మే నెలలో రెంటచింతల రోడ్డు మీద గేటు పడి పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడితే, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, పంపూ నెమ్మదిగా తిరుగుతుంది, ఆయిల్ కాగిపోయి నీళ్లలా అవుతుంది. అప్పుడే డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటుంది. ఈ ఇంజిన్‌కు ప్రెషర్ గేజ్ బిగించుకుంటే, బాగా వేడెక్కి రోడ్డు మీద పరుగులో ఉన్నప్పుడు 40, 50 పీఎస్‌ఐ (ప్రెషర్‌కు కొలత) దాకా చూపిస్తే నిశ్చింత. ఐడిల్‌లో 15 దగ్గర ఉన్నా కంగారుపడక్కర్లేదు. నేనైతే గేజ్ లేకుండా పాత కారు నడపను. లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు పూర్తిగా పడిపోయాకే.

ముందున్న 20డబ్ల్యు సంగతి. డబ్ల్యు అంటే వింటర్, చలికాలం. 20డబ్ల్యు ఆయిల్‌తో చల్లటి ఇంజిన్ తిరగగలదా అని పరీక్షించేది మైనస్ 15 డిగ్రీల దగ్గర. 5డబ్ల్యు అయితే మైనస్ 30 దగ్గర. మన దగ్గర చలికి పేరుమోసిన లంబసింగిలో కూడా జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు వస్తే అదే పెద్ద వార్త. కాబట్టి ఇక్కడి పాత కారుకు 5డబ్ల్యు వల్ల వచ్చే లాభం చాలా తక్కువ.

అలాగని చిక్కదనానికి హద్దు లేకుండా పోకూడదు. ఇంజిన్ బోరుకొచ్చి నీలం పొగ వస్తుంటే, దాన్ని కప్పిపుచ్చడానికి గేర్ బాక్సులో వేసే చిక్కటి ఆయిల్‌ను సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో, కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొగ కొన్నాళ్లు తగ్గుతుంది. కానీ పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అంత చిక్కటి ద్రవం సన్నటి దారుల గుండా పైన రాకర్ షాఫ్ట్ దాకా ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. అప్పటిదాకా పైభాగం పొడిగానే తిరుగుతుంది. నీలం పొగ రింగుల నుంచో, వాల్వ్ గైడ్‌ల నుంచో వస్తుంది. దానికి చికిత్స లేత్ షాపులో ఉంటుంది, ఆయిల్ డబ్బాలో ఉండదు.

అడ్డుపడే చోటు

నా ఇంజిన్ పాడైంది బేరింగుల దగ్గర కాదు, కామ్ దగ్గర. లోబ్ మొన టాపెట్ అడుగును ఒత్తుకుంటూ, రాసుకుంటూ పోతుంది. రెండూ కలిసేది సన్నటి గీత మీద. ఆ గీత మీద వాల్వ్ స్ప్రింగు బలమంతా పడుతుంది. అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వేల కిలోల్లో ఉంటుంది. ఆయిల్ ఎంత చిక్కటిదైనా ఆ గీత మీద పూర్తి పొరగా నిలబడలేదు, పక్కకు నొక్కుకుపోతుంది. ఇక్కడ లోహం లోహాన్ని తాకబోతుంది. ఆ క్షణంలో ఇంకేదో అడ్డుపడాలి.

ఆ ఇంకేదో పేరు జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్. నోరు తిరగని పేరు కాబట్టి అందరూ పొట్టిగా జెడ్‌డీడీపీ అనో, జింక్ అనో అంటారు. 1940ల్లో బేరింగులు తుప్పు పట్టకుండా, ఆయిల్ త్వరగా పాడవకుండా ఉండటానికి దీన్ని కలపడం మొదలుపెట్టారు. అరుగుదలను ఆపే గుణం దీనికి ఉందని తర్వాత తేలింది. మామూలుగా ఇది ఆయిల్‌లో కరిగి ఊరికే ఉంటుంది. లోహాలు రాసుకుని వేడి పుట్టిన చోట మాత్రం విడిపోయి, ఆ ఉపరితలం మీదే గాజులాంటి ఫాస్ఫేట్ పూతగా అతుక్కుంటుంది. తర్వాతి ఒరిపిడికి ఆ పూత చెదిరిపోతుంది, కింద ఇనుము మిగులుతుంది. మళ్లీ కొత్త పూత వస్తుంది. లోహం బదులు పూత అరుగుతుంది. పేరులో జింక్ ఉన్నా, ఈ పూతలో అసలు పని ఫాస్ఫరస్‌ది.

ఈ పాత ఇంజిన్లలో టాపెట్ అడుగు చూడటానికి చదునుగా కనిపిస్తుంది కానీ నిజానికి అతి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. లోబ్ కూడా ఒక పక్కకు అతి కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. దానివల్ల టాపెట్ పైకీ కిందికీ కదలడంతో పాటు తన చుట్టూ తాను తిరుగుతుంది. అలా తిరిగితేనే ఒరిపిడి ఒకే చోట పడదు. కొత్త కామ్‌కు, కొత్త టాపెట్‌కు ఈ పొత్తు మొదటి ఇరవై నిమిషాల్లోనే కుదరాలి. ఆ సమయంలో ఇంజిన్‌ను రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గరో కాస్త పైనో నడపాలి. ఎందుకంటే బి-సిరీస్ లాంటి ఇంజిన్‌లో కామ్ మీదికి ఆయిల్ చేరేది చాలావరకు తుంపరగా, క్రాంక్ తిరుగుతూ చిమ్మిన ఆయిల్ నుంచి. ఐడిల్‌లో ఆ తుంపర తక్కువ. నేను సరిగ్గా ఆ మొదటి అరగంటా ఐడిల్‌లో ఉంచాను, ఫాస్ఫరస్ తక్కువున్న ఆయిల్‌తో. ఆరో టాపెట్ తిరగడం ఆ రోజే ఆగిపోయి ఉంటుంది.

తర్వాత కొన్ని నెలలకు ఇంజిన్ పైన టిక్‌టిక్ మొదలైంది. టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వు దగ్గరి సందు సరిచేయడం, చేయించాను. వారానికే మళ్లీ మొదలైంది. మళ్లీ చేయించాను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని పెద్దవాళ్లు అనేది నాకు అప్పుడు గుర్తురాలేదు. ఒకే వాల్వు దగ్గర సెట్టింగ్ పదే పదే వదులైపోతుంటే కారణం స్క్రూ కాదు, కింద టాపెట్ అడుగు తినేస్తోందని అర్థం. నేను మూడోసారికి ముందే తీసి చూసి ఉంటే కామ్ మిగిలేదేమో.

వెనకవైపు అక్షరాలు

ఇంత మంచి రసాయనాన్ని కొత్త ఆయిల్స్‌లో ఎందుకు తగ్గించారు? సైలెన్సర్ కోసం. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ వచ్చాక, ఇంజిన్‌లో కొద్దికొద్దిగా కాలే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ అందులోకి చేరి, అక్కడి విలువైన లోహాల పూతను చచ్చుబడేస్తోందని తేలింది. పెట్రోల్‌లోని సీసం కూడా అదే పని చేస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు సీసం లేని పెట్రోలు కూడా అక్కడ తెచ్చింది అందుకే. 2000 సంవత్సరానికల్లా దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. ఊపిరితిత్తులకు అది మేలే చేసింది, అందులో నాకు రెండో మాట లేదు. పాత ఇంజిన్‌కు మాత్రం వాల్వ్ సీట్ల మీద మెత్తగా పరుచుకునే సీసం పోయింది. హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకుంటే ఆ చింత తీరుతుంది.

డబ్బా వెనక అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి గుర్తు ఉంటుంది, ఏపీఐ ఎస్‌ఎన్, ఏపీఐ ఎస్‌పీ అని. ఎస్ అంటే పెట్రోల్ ఇంజిన్ల వరస. దాని తర్వాతి అక్షరం ముందుకు పోయేకొద్దీ ఆయిల్ కొత్త తరానిది. 2004లో వచ్చిన ఎస్‌ఎమ్‌తో ఫాస్ఫరస్‌కు 0.08 శాతం పై హద్దు పెట్టారు, 2010 నాటి ఎస్‌ఎన్‌లోనూ అదే కొనసాగింది. ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా "ఎస్‌ఎన్ అయితే పాత కారుకు విషం" అని తీర్పు చెప్పేస్తారు. ఆ హద్దు వర్తించేది 5డబ్ల్యు-30, 10డబ్ల్యు-30 లాంటి పలచటి గ్రేడులకు. 20డబ్ల్యు-50కి ఆ హద్దు లేదు. కాబట్టి ఎస్‌ఎన్ అని రాసున్న 20డబ్ల్యు-50లో ఫాస్ఫరస్ తగినంత ఉండవచ్చు. కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో 0.1 శాతం, లేదా పది లక్షల్లో వెయ్యి వంతులకు అటూ ఇటూ ఉంటే చదును టాపెట్ ఇంజిన్‌కు సరిపోతుంది.

ఇంకో దారి డీజిల్ ఆయిల్. లారీలకు, ట్రాక్టర్లకు వాడే 15డబ్ల్యు-40 రకం, వెనక సీఐ-4 అని ఉండేది. అందులో ఫాస్ఫరస్ సాధారణంగా ఈ పాటి ఉంటుంది, మసిని కడిగే గుణం కూడా ఎక్కువ. పల్లెటూళ్లో కూడా దొరుకుతుంది. బేరింగులు బిగువుగా ఉన్న ఇంజిన్‌కు నేను దాన్ని ధైర్యంగా చెబుతాను. కాస్త అరిగినదానికి 20డబ్ల్యు-50 మేలు. జింక్ సీసాలు విడిగా కొని కలిపే అలవాటు మాత్రం నాకు నచ్చదు. ఆయిల్ తయారుచేసినవాళ్లు అన్ని పాళ్లూ లెక్కచూసి కలుపుతారు. పైనుంచి మనం గుప్పిస్తే, మోతాదు మించిన ఫాస్ఫరస్ కాపాడాల్సిన ఇనుమునే తినే ప్రమాదం ఉంది.

సింథటిక్ పోస్తే సీళ్లు పోతాయన్న భయం గురించి ఒక మాట. ఇప్పటి సింథటిక్ ఆయిల్ సీళ్లను తినదు. అయితే సందు దొరికితే కారిపోతుంది. అంబాసిడర్ క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు లేదు. షాఫ్ట్ మీదే స్క్రూ మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ ఆ గాడి బయటికి పోబోయే ఆయిల్‌ను లోపలికి లాగేస్తుంది. ఇంజిన్ ఆగితే గాడీ ఆగుతుంది, రాత్రికి నాలుగు చుక్కలు కింద పడతాయి. మూడు బేరింగుల బి-సిరీస్ డిజైనే అంత. ఆ చుక్కలు క్లచ్ దగ్గరికి పోకుండా గేర్ బాక్స్ గూడు అడుగున ఒక చిన్న రంధ్రం పెట్టి, అది పూడిపోకుండా అందులో ఒక స్ప్లిట్ పిన్ వదులుగా వేలాడదీస్తారు. కారు కింద దూరినప్పుడల్లా ఆ పిన్ను వేలితో అటూ ఇటూ కదపండి. అది బురదతో బిగుసుకుపోతే ఆయిల్ క్లచ్ ప్లేటుకు చేరుతుంది.

ఇంకా పాత కార్లకు

1920లు, 30ల నాటి కార్లకు ఈ సలహాలన్నీ ఉన్నవున్నట్టు వర్తించవు. ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా తయారైంది. దానికి ఆయిల్ పంపే లేదు. ఫ్లైవీలు ఆయిల్‌లో మునుగుతూ తిరిగి చిమ్మితే, అది ఒక గొట్టంలోంచి ముందుకు వచ్చి కిందికి పారుతూ బేరింగులను తడుపుతుంది. డిప్‌స్టిక్ కూడా లేదు. ఇంజిన్ కింద ఒకదానిపై ఒకటి రెండు చిన్న కుళాయిలుంటాయి. ఆయిల్ మట్టం ఆ రెండింటికీ మధ్య ఉండాలి. అలాంటి ఇంజిన్‌కు 20డబ్ల్యు-50 పోస్తే ఆ సన్నటి గొట్టంలో పారడమే కష్టం.

ఆ కాలపు ఇంజిన్లలో చాలావాటికి ఫిల్టర్ లేదు. మురికి అడుగున పేరుకోవాలి, పైది తేటగా ఉండాలి అనే పద్ధతి. దశాబ్దాలుగా పేరుకున్న మడ్డి ఉన్న ఇంజిన్‌లో మసిని కడిగే గుణమున్న ఇప్పటి ఆయిల్ పోస్తే, మడ్డి పెళ్లలుగా ఊడి దారులకు అడ్డం పడుతుంది. సంపు విప్పి శుభ్రంగా కడిగించాక అయితే ఇప్పటి ఆయిల్ నిర్భయంగా వాడొచ్చు, అదే మంచిది కూడా.

అంతకుముందు ఆముదం కాలం కూడా ఉంది. మన ఎడ్లబండి ఇరుసుకు వేసే కందెన వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవాళ్లు. లోహాన్ని పట్టుకుని వదలని జిడ్డు ఆముదానికి ఉందని ఆ బండివాళ్లకు తెలిసిన సంగతే మొదటి ప్రపంచయుద్ధం నాటి విమాన ఇంజిన్లకూ పనికొచ్చింది. పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదు కాబట్టి అక్కడ ఆముదమే వాడారు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఇంగ్లిష్‌లో ఆముదం పేరు నుంచి వచ్చిందే. కానీ ఆముదం వేడికి జిగురు కడుతుంది, ఖనిజ ఆయిల్‌తో సరిగా కలవదు. ఎవరైనా సరదాకి చెప్పినా పాత కారులో పోయకండి.

నిలబడితేనే జబ్బు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఒకటుంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చారు, అది తయారై వచ్చేసరికి ఆయన లేరు. సింహాసనం లాంటి సీటుతో ఊరేగింపుల కోసం చేయించిన కారు. తిరిగింది చాలా తక్కువ. అలాంటి కారును చూసి ఇంజిన్ కొత్తగా ఉంటుందనుకుంటాం. తిరగకపోవడం ఇంజిన్‌కు విశ్రాంతి కాదు.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే అది ఆవిరిగా సైలెన్సర్ లోంచి పోతుంది. చల్లటి ఇంజిన్‌లో కొంత రింగుల సందులోంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతాను" అని గర్వంగా చెప్పేవాళ్లు చేస్తున్నది ఇదే. ఐదు నిమిషాల్లో రేడియేటర్ నీళ్లు గోరువెచ్చనవుతాయేమో, సంపులోని ఆయిల్ వేడెక్కదు. నీరు, కాలగా మిగిలిన ఆమ్లాలు లోపలే ఉండిపోతాయి. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే అడుగున మజ్జిగ నురగలాంటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే తేమ. డిప్‌స్టిక్ కూడా టీ రంగులో తెల్లగా వస్తే రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లోకి రాకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. తీస్తే ముప్పై కిలోమీటర్లు తిప్పండి, లేకపోతే అసలు స్టార్ట్ చేయకండి.

డిప్‌స్టిక్‌ను చూడటమే కాదు, వాసన కూడా చూడాలి. ఇంజిన్ పక్కన బిగించి కామ్‌షాఫ్ట్‌తో నడిచే మెకానికల్ పెట్రోల్ పంపు ఉన్న కార్లలో, ఫియట్‌లోనూ అంతే, పంపు లోపలి డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగితే పెట్రోలు నేరుగా సంపులోకి కారుతుంది. ఆయిల్ మట్టం పోయకుండానే పెరుగుతుంది. నాకు తెలిసినవాళ్లలో ఒకాయన "మా బండి ఆయిల్ తాగడమే లేదు, ఇంకా పెరుగుతోంది" అని సంతోషపడ్డారు. ఆ ఆయిల్ పలచబడి బేరింగులను మోయడం మానేసిందని ఆయనకు తెలియదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తగ్గట్టు చేయని పాత రబ్బరును అది ఉబ్బించి పాడుచేస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పాత డయాఫ్రమ్‌నూ పెట్రోల్ పైపులనూ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చుకోవడం ఇంజిన్ ఆయిల్‌ను కాపాడుకోవడం కూడా.

అందుకే తక్కువ తిరిగే కారుకు ఆయిల్ మార్చాల్సింది కిలోమీటర్ల లెక్కన కాదు. బాగా తిరిగితే ఐదు వేలకు. తిరగకపోయినా ఏడాదికోసారి. అదీ కారును వానాకాలం షెడ్డులో పెట్టబోయే ముందు. బయటికి తీసేటప్పుడు మార్చుకుందాంలే అనుకుంటే ఆమ్లాలున్న పాత ఆయిల్ నాలుగు నెలలు బేరింగులను నానబెడుతుంది.

మార్చే రోజు ముందు కారును అరగంట తిప్పండి. మడ్డి కదిలి ఆయిల్‌తో పాటే దిగిపోతుంది. డ్రెయిన్ నట్ చివరి రెండు చుట్లు చేత్తోనే విప్పాలి, పైకి ఒత్తి పట్టుకుని. రాగి వాషర్ కొత్తది వేయండి. దిగిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి. బంగారు పొడిలాంటి మెరుపులుంటే బేరింగుల పై పొర పోయి రాగి బయటపడుతోందని అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకునే పొడి అయితే కామ్, టాపెట్, రింగుల వైపు చూడాలి. పాత అంబాసిడర్‌కు ఫిల్టర్ గిన్నెలాంటి డబ్బాలో ఉంటుంది, మధ్యలో పొడవాటి బోల్టు. కొత్త కాగితం ఫిల్టర్ వేసేటప్పుడు గాడిలోని పాత రబ్బరు రింగును సూదితో పీకి తీయాలి. పాతదాని మీదే కొత్తది కూర్చోబెడితే స్టార్ట్ చేసిన నిమిషంలో నాలుగు లీటర్లూ నేల మీద ఉంటాయి. ఒక చుక్క పాత ఆయిల్‌ను మందపాటి తెల్ల కాగితం మీద వేసి రాత్రంతా ఉంచండి. నడుమ నల్లటి మచ్చ గట్టి అంచుతో ఆగిపోతే ఆయిల్ మసిని మోసే శక్తి పోగొట్టుకుందన్నమాట. నలుపు మెల్లగా పలచబడుతూ బయటికి పాకితే దానికింకా కొంత ప్రాణముంది. పాత ఆయిల్‌ను కాలువలో పారబోయకండి, డబ్బాలో పోసి రీసైక్లింగ్‌కు కొనేవాళ్లకిచ్చేయండి.

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్‌ను లేపాలంటే సెల్ఫ్ జోలికి వెంటనే పోవద్దు. ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. స్పార్క్ ప్లగ్‌లు నాలుగూ తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒకరోజు వదిలేయండి. మర్నాడు ముందున్న హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. బలవంతం చేయకుండా తిరగాలి. తిరిగితే, ప్లగ్‌లు లేకుండానే సెల్ఫ్‌తో పది సెకన్ల చొప్పున ఆగి ఆగి తిప్పండి. కుదింపు లేదు కాబట్టి బేరింగుల మీద భారం ఉండదు. గేజ్ ముల్లు కదిలి ప్రెషర్ చూపించాకే ప్లగ్‌లు బిగించి స్టార్ట్ చేయాలి. ముల్లు కదలకపోతే పంపు గాలి పట్టింది. అలాగే స్టార్ట్ చేస్తే కొత్త బేరింగులు నిమిషంలో పోతాయి.

మిగిలినవి చిన్న పనులు, ఎవరూ చేయనివి. టాపెట్ సందు ఈ ఇంజిన్‌కు పదిహేను థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), మీ కారు పుస్తకంలో ఎంత ఉంటే అంత. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ పీకితే కింద కనిపించే స్క్రూ తల మీద రెండు చుక్కల ఆయిల్ వేయండి. పాయింట్ల మడమ రాసుకునే డిస్ట్రిబ్యూటర్ కామ్ మీద అగ్గిపుల్ల మొనతో గ్రీజు రాయండి, ఎక్కువైతే పాయింట్ల మీదికి చిమ్మి మిస్సింగ్ వస్తుంది. డైనమో వెనక చివర చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద మట్టి పేరుకుని కనిపించదు, వేలితో గీరితే బయటపడుతుంది. అందులో మూడు చుక్కలు. మా కారు డైనమోకు అలాంటి రంధ్రం ఉందని కొత్త కామ్‌షాఫ్ట్ వేసిన రోజే నాకు తెలిసింది. ఈసారి 20డబ్ల్యు-50 పోసి, లోబ్‌లకు అసెంబ్లీ పేస్టు పట్టించి, స్టార్టయిన వెంటనే యాక్సిలరేటర్ రెండు వేల మీద పట్టుకుని గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మొన్న పద్దెనిమిది వేల కిలోమీటర్ల దగ్గర రాకర్ కవర్ తీసి కొలిచాను. ఆరో వాల్వు పదిహేను దగ్గరే ఉంది.